విస్తర్లు కుట్టే అవ్వ ఎందుకు తిరిగొచ్చింది

డెబ్బయ్యో దశకం చివర్లో నేను మునిసిపల్ ఆఫీసులో టెంపరరీ టైపిస్టును. అఫ్జల్‌గంజ్ ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్లను ఊరి చివర కొత్తగా వేసిన రేకుల షెడ్డులోకి మార్చాలని తీర్మానమైతే, ఆ పేర్లన్నీ నేనే టైపు చేశాను. అందులో నాకు తెలిసింది ఒక్క అవ్వే. శాలిబండ నుంచి వచ్చే నేను బస్సు దిగే చోట, మూతబడ్డ గోదాము గోడకు ఆనుకుని మోదుగాకులతో విస్తర్లు కుట్టేది. చూపు ఆనని ఆమె భర్త పక్కనే కూర్చుని, వేళ్లతో తడుముకుంటూ సన్నటి పుల్లలు చీల్చి అందించేవాడు.

సోమవారం లారీ వచ్చి దాదాపు అందరినీ తీసుకెళ్లింది. శుక్రవారానికల్లా ఆ ఇద్దరూ మళ్లీ గోడ దగ్గరే కనిపించారు.

"రోడ్డుకు అలవాటు పడ్డోళ్లు, ఎంత జేసినా గంతే" అని ఆఫీసులో తేల్చేశారు. నాకా మాట రుచించలేదు. అవ్వనే అడిగాను.

"ఏందవ్వా, ఆడ మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది బిడ్డా. నేను చెప్తే ఏం సమజైతది? నువ్వే వచ్చి సూడు."

ఆదివారం ఆమె వెంట వెళ్లాను. కడిగిన నేల, నల్లా, కరెంటు బల్బులు. ఇంకేం కావాలి అనుకున్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని మధ్యలో ఉన్న గోడ దగ్గరికి తీసుకెళ్లింది. ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు.

"ముసలాయనకు కండ్లు కనబడయి. నల్లా యాడున్నదో, పక్క యాడున్నదో ఎవరు సూపెట్టాలె? పెండ్లయినకాడి నుంచి నా చెయ్యి పట్టుకునే తిరుగుతుండు. నా ఆకుల కట్ట గూడ చెత్త అని బయట పారేసిండ్రు."

షెడ్డు వాచ్‌మన్ మా మాటలు విని దగ్గరికొచ్చాడు. "నేనేం జెయ్యాలె బేటీ? ఆకులు గిట్ల తేవద్దని హుకుం. మొగుడు పెండ్లాలకు జాగ ఏదని నేను గూడ అడిగిన. ఎవ్వరు చెప్పలె."

మర్నాడు ఇదంతా అరపేజీలో టైపు చేసి ఆఫీసరు ముందు పెట్టాను. ఉద్యోగం పోతుందేమోనని భయమేసింది. ఆయన రెండుసార్లు చదివారు.

"వీళ్లు భార్యాభర్తలని లిస్టులో ఎక్కడుందమ్మా?"

తీసి చూశాను. మగవాళ్లది ఒక కాగితం, ఆడవాళ్లది ఇంకో కాగితం. రెండూ నా చేత్తో కొట్టినవే. ఎవరికి ఎవరు ఏమవుతారో ఎక్కడా లేదు. సిగ్గేసింది.

ఆయన స్వయంగా వెళ్లి చూసొచ్చారు. గదులు కట్టడం తన చేతిలో లేదన్నారు గానీ, వెనుక వరండాను గోనెపట్టాలతో అరలు చేయించారు. ఆకుల కట్టకూ అనుమతి దొరికింది. అవ్వా ముసలాయనా, ఇంకో రెండు జంటలూ అందులో చేరారు. వానజల్లు కొడుతోందని, నల్లా కాడ రోజూ లొల్లేనని అవ్వ నన్ను చూసినప్పుడల్లా చెప్పేది. అయినా మళ్లీ గోదాము గోడ దగ్గరికి రాలేదు.

గోడ దగ్గర తోపుడుబండి నడిపే ఒకాయన మాత్రం మిగిలిపోయాడు. ఎందుకు పోలేదన్నా అని అడిగాను.

"తెల్లారకముందే మార్కెట్ల ఉండాలెనమ్మా. గప్పుడు ఆడికెంచి బస్సు యాడిది?"

అది కూడా టైపు చేసి ఇచ్చాను. ఆఫీసరు చదివి సొరుగులో పెట్టుకున్నారు.