మక్క నీడన పసుపు

నా చిన్నప్పుడు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే తొవ్వ మీద మా బాపుకు ఒక చాయ్ హోటల్ ఉండేది. దాన్ని హోటల్ అని మేమే అనుకునేవాళ్లం. నాలుగు గుంజలు, పైన ఒక పాత పరదా, కింద ఒక పొయ్యి, ఒక బల్ల. బల్లకు ఒక కాలు పొట్టి. ఒకరు లేస్తే మిగిలినవాళ్లు కింద పడతారు కాబట్టి వచ్చినవాళ్లందరూ చాయ్ తాగి ఒక్కసారే లేవాలి. అయినా జనం వచ్చేవాళ్లు. బాపు చాయ్ అట్లాంటిది. ఆయనకు లోకంలో గర్వం ఏదైనా ఉందంటే అది ఆ చాయ్ మీదే.

నేను నాలుగో తరగతితోనే బడి వదిలిపెట్టాను. లెక్కల సారుకు నేనంటే విసుగు, నాకు లెక్కలంటే విసుగు, అందుకని ఇద్దరం మంచిమాటల మీదే విడిపోయాం. ఇక పొద్దంతా హోటల్ దగ్గరే ఉండి, వచ్చినవాళ్లందరికీ కొత్త పేర్లు పెట్టడం నా ఉద్యోగం.

ఒక ఎండాకాలం చివర్లో మాకు ఎదురుగా కొత్త హోటల్ లేచింది. నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన సేటు పెట్టాడు. సిమెంటు గోడలు, రాతి బల్లలు, గాజు గిలాసలు, అన్నిటికీ మించి ఒక రేడియో. సేటు మరాఠీలో తెలుగు కలిపి మాట్లాడేవాడు, రెండు భాషల్లోనూ నవ్వేవాడు. ఎర్ర బస్సు మా ముందర ఆగడం మాని ఆయన ముందర ఆగడం మొదలుపెట్టింది. మా పాత గిరాకీవాళ్లు తొవ్వ దాటేటప్పుడు మావైపు చూడలేక మెడ అటు తిప్పుకునేవాళ్లు. వాళ్ల మెడలు పడే తిప్పలు చూస్తే నాకే జాలేసేది.

బాపు చేసిన మొదటి పని, సేటు ఏం చేస్తే అది చేయడం. సేటు పూరీలు వేస్తే మేమూ వేశాం. ఆయనవి పొంగేవి, మావి అలిగేవి. ఆయనకు రేడియో ఉందని, గొంతు బాగుంటుందని పేరున్న మా మేనత్త కొడుకును బల్ల మీద కూర్చోబెట్టి పాడించాడు. రెండో రోజుకే వాడి గొంతు పోయింది. గొంతు బాగుపడాలని పోయి సేటు దగ్గర చాయ్ తాగి వచ్చాడు. నేను నవ్వాను. బాపు నవ్వలేదు. అప్పటిదాకా నా మాటలకు మొదట నవ్వే మనిషి ఆయనే.

వానలు ముదిరేసరికి మా పొయ్యి సగం పొద్దు చల్లగానే ఉండేది. ఒకనాడు బాపు బజారు నుంచి కొత్త రేకుపెట్టె తెచ్చాడు. ఆకుపచ్చ రంగు, మూత మీద ఎర్ర గులాబీ. మా గల్లీలో అట్లాంటి పెట్టె ఇంటికొస్తే ఎందుకని ఎవరూ అడగరు. బొంబాయి దిక్కు భీవండి బట్టల మిల్లులకు పోయే మగవాళ్లంతా అట్లాంటి పెట్టెతోనే పోయారు. కొందరు పండుగకు వచ్చేవాళ్లు, కొందరు వస్తామని చెప్పి పంపేవాళ్లు. పక్కింటి అక్క పెనిమిటి పోయిన కొన్నేళ్లకు ఉత్త పెట్టె మాత్రం ఎవరో తెచ్చి ఇచ్చి పోయారు. దసరా దాటాక పోతానని బాపు అన్నాడు. అమ్మ ఆ పెట్టెను మూలకు నెట్టి పైన బొంత కప్పింది. కప్పినా, ఇంట్లో అందరికీ అదే కనబడేది.

అంతలో మోర్తాడ్ నుంచి మా అమ్మమ్మ కబురు పంపింది. మక్క కోతకు, అంటే మొక్కజొన్న కోతకు, మనుషులు దొరకడం లేదు, అల్లుడు పోయేలోపు ఒకసారి వచ్చి చెయ్యి వేసి పోవాలని. ఆ కబురు వెనక అమ్మ ఉందని నాకు పెద్దయ్యాక తెలిసింది. బాపు నన్నూ వెంట తీసుకొని బస్సెక్కాడు.

మా దిక్కు ఆ రోజుల్లో అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడేది కాదు. కొంగు నెత్తి మీదికి లాక్కొని, పక్కకు తిరిగి, నడుమ ఉన్న పిల్లలతో చెప్పేది. అల్లుడూ అంతే. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నా, ఇద్దరి చెవులూ మంచిగా పనిచేస్తున్నా, మాట మాత్రం నా మీదుగానే పోవాలి. ఫ్యాక్టరీ ఆఫీసులో టెలిఫోన్ ఎట్లాంటిదో ఆ ఇంట్లో నేను అట్లాంటిదాన్ని. కాకపోతే ఆ టెలిఫోన్ ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, నేను కొంచెం కలిపి చెప్పేదాన్ని. పిల్లకు ఇంకొంత బెల్లం పెట్టమని బాపు అంటున్నాడని అమ్మమ్మకు చెప్పి, బాపు ముఖం కేసి చూడకుండా తినేదాన్ని.

మోర్తాడ్ దిక్కు పసుపు చేనులోనే మక్క కూడా వేస్తారు. మక్క మనిషిని మించి లేస్తుంది. దాని కింద, ఆ నీడలో, పసుపు మోకాలెత్తున ఆకులేసుకొని ఉంటుంది. నేను చేనులోకి వంగి చూసి, పాపం ఈ పసుపు మన హోటల్ లెక్కనే ఉన్నది, మీద సేటు నిలబడ్డాడు అన్నాను. నవ్విద్దామనే అన్నాను. బాపు ముఖం మాత్రం చిన్నబోయింది.

అమ్మమ్మ కంకి విరుస్తూ ఆగింది. కొంగు సర్దుకొని, మక్క దంట్ల వైపు తిరిగి నాతో అన్నది.

“మీ బాపును అడుగు బిడ్డా. పెండ్లయిన కొత్తల ఈ చేన్ల ఏం చేసిండో యాదికున్నదా అని.”

బాపుకు ఉన్నట్టుండి చేతిలోని కంకి మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. అమ్మమ్మే చెప్పింది. బాపు చెరుకు నాటే ఊళ్ల మనిషి, పసుపు సంగతి తెలియదు. కొత్త అల్లుడుగా వానాకాలంలో వచ్చి చేను చూశాడు. మక్క పసుపును మింగేస్తున్నదని జాలిపడ్డాడు. అందరూ సద్ది తినడానికి కూర్చున్నప్పుడు కొడవలి పట్టుకొని, ఈ గెట్టు నుంచి ఆ గెట్టు దాకా ఒక వరుసన పచ్చి మక్కంతా కోసి ఎడ్లకు వేశాడు. పసుపుకు మేలు చేశానని సంబరపడి బోధన్ పోయాడు. ఆయన పోయాక ఎండ కాసింది. ఆ వరుసలో పసుపు ఆకు అంచులు మాడి చుట్టుకుపోయాయి. తవ్వేనాటికి కింద దుంప వేలంత కూడా లేదు. ఊరివాళ్లు అడిగితే, అల్లుడి పేరు చెప్పలేక, అడవిపందులు పడ్డాయని చెప్పిందట అమ్మమ్మ. మా అమ్మకు కూడా అదే చెప్పింది.

ఇన్నేళ్లూ ఊరంతా తిట్టిన ఆ పంది మా బాపేనని తెలిసి నేను గెట్టు మీద కూలబడి నవ్వాను. ఈసారి బాపు కూడా ఆపుకోలేకపోయాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాను. ఆ నవ్వు ఆగేదాకా అమ్మమ్మ కంకులు విరిచి, అప్పుడు మెల్లగా అన్నది.

“మక్క పైకి పోతది, పసుపు కిందికి పోతది. అది ఎండ తాగుతది, దీనికి నీడ గావాలె. ఎవ్వల పని వాళ్లు చేస్కుంటే ఒక్క చేను ఇద్దరికీ సాలుతది. నేను గూడ మక్క లెక్క లేస్త అని పసుపు లేసిందనుకో, పైన ఆకే ఉంటది, కింద దుంప ఉండది. గది చెప్పు మీ బాపుకు.”

నేను బాపు వైపు తిరిగాను. చెప్పడానికి నా దగ్గర కలిపే మాట ఒక్కటీ లేదు. బాపు అప్పటికే విన్నాడు. మక్క ఆకులు రెండు చేతులతో పక్కకు తీసి, కిందనున్న పసుపును చాలాసేపు చూశాడు. తర్వాత, పసుపు బలపడి ఇక నీడతో పని తీరింది కాబట్టి, కంకులు విరిచిన దంట్లు కోయడానికి వంగాడు. వేరుతో పీకవద్దు, పసుపు కదులుతుందని అమ్మమ్మ నాతో చెప్పింది. అది కూడా ఆయన కోసమే.

ఇంటికొచ్చాక బాపు పూరీలు మానేశాడు. దసరా వచ్చింది, పోయింది. పెట్టె అట్లాగే ఉంది, బాపు కూడా ఉన్నాడు. అయితే పోతానో పోనో మాత్రం చెప్పలేదు. రోజూ మా బల్ల మీద కూర్చొని ఎదుటి హోటల్‌ను చూసేవాడు. ఇంతకుముందు చూపు వేరు, ఇది వేరు.

చెరుకు సీజన్ మొదలై బండ్ల లైను మా తొవ్వ దాకా వచ్చింది. ఫ్యాక్టరీ గేటు దాకా ఎడ్లబండ్లు ఒకదాని వెనక ఒకటి, చెరుకు నింపుకొని, రోజంతా నిలబడేవి. కోటగిరి దిక్కు నుంచి కూడా వచ్చేవాళ్లు. బండి మనిషి బండి వదిలి పోవడానికి లేదు. పోతే వెనక బండి ముందుకు జరుగుతుంది, లేదంటే ఎడ్లు ముందు బండి చెరుకు గుంజి తింటాయి. రేడియో పాట వాళ్ల చెవుల దాకా వచ్చేది, చాయ్ మాత్రం వచ్చేది కాదు. సద్దిమూట విప్పి చల్లబడిన రొట్టె నములుతూ ఆ హోటల్ వైపు చూసేవాళ్లు. బాపు వాళ్లను చూసేవాడు.

ఒక పొద్దున అమ్మతో, ఇక పొయ్యి మీద జొన్నరొట్టెలే చెయ్యమన్నాడు. పొయ్యి ఒక్కటే, రొట్టెలు చేస్తే చాయ్ కాదు. అమ్మ నమ్మలేనట్టు చూసింది. బాపు మా పెద్ద కేతిలి కడిగి, నా చెయ్యి పట్టుకొని తొవ్వ దాటాడు. గడప దగ్గరికి పోయి ఆగాడు. ఇన్నాళ్లూ కోపంగా చూసిన మనిషిని ఏమని అడుగుతాడు? రేడియో వైపు తిరిగి నాతో అన్నాడు.

“సేటుకు చెప్పు బిడ్డా. ఇగ నేను చాయ్ చేస్తలేను. ఆయన కేతిలి నిండ పోసిస్తే బండ్ల లైనుకు తీస్కపోయి అమ్ముత. ఆయనకూ గిరాకే, నాకూ గిరాకే.”

మా దిక్కు అత్తా అల్లుళ్ల సంగతి తెలియని సేటు కొంచెంసేపు నన్ను, బాపును మార్చి మార్చి చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, ఆయన కూడా గోడ వైపు తిరిగి నాతోనే చెప్పాడు.

“బాపూలా సాంగ్, బేటా. బాపుకు చెప్పు. ఈ మాట నేనే అడుగుదామనుకున్న. మీ బాపు చూపు చూసి భయమైంది.”

నా జీవితంలో నేను ఏమీ కలపకుండా చేసిన బేరం అదొక్కటే.

రొట్టెలు గంపలో పెడితే లైను చివరికి పోయేసరికి చల్లబడేవి, దుమ్ము పడేది. అమ్మ మూలకు పోయి ఆ పెట్టె మీది బొంత తీసింది. అదే బొంతను మడతపెట్టి పెట్టెలో పరిచింది. అందులో వేడి రొట్టెలు, ఉల్లిగడ్డ కారం పెట్టి మూత వేసింది. భీవండి పోవలసిన పెట్టెను బాపు నెత్తిన పెట్టుకొని బండ్ల వెంట నడిచాడు. కేతిలి పట్టుకొని, ఎడ్లకు కూడా పేర్లు పెడుతూ, నేను వెనక నడిచాను.

చాలా ఏండ్ల తర్వాత, వయసు మీద పడి, సేటు హోటల్ మూసేసి నాందేడ్ పోయాడు. బాపుకు ఇక ఎదురు లేదని అందరూ అన్నారు. ఆయన మాత్రం ఆ పొద్దు రొట్టెలు ఆపి, అదే పొయ్యి మీద తన చేతితో చాయ్ కాచి, సేటుకు పోసి ఇచ్చాడు. అప్పుడు ఇద్దరూ ఎదురుగానే మాట్లాడుకున్నారు.

నాకిప్పుడు నిజామాబాద్‌లో రొట్టెల దుకాణం ఉంది. ఎదురుగా పెద్ద దుకాణం ఏదైనా లేస్తే, మా వాళ్లు కంగారు పడతారు. నేను పోయి వాళ్ల బల్ల మీద కూర్చుంటాను. కడుపునిండా తిని, వాళ్లు వండనిది ఏమిటో, అక్కడిదాకా రాలేనివాళ్లు ఎవరో చూసుకొని వస్తాను. రొట్టెలు మాత్రం ఆ రేకుపెట్టెలోనే పెడతాను. మూత మీద గులాబీ ఎప్పుడో పోయింది. మా బాపు ఎక్కడికీ పోలేదు.