కారు వెనక సీటులోంచి మా కాక నేర్పింది

నిన్న పొద్దున ఓపీలో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. కట్ చేశాను. మళ్లీ చేశాడు. మళ్లీ కట్ చేశాను.

తర్వాత మెసేజ్ వచ్చింది. "యాదగిరికి గుండెపోటు వచ్చింది. ఇగ లేడు బిడ్డా."

నాలుగుసార్లు చదివాను. ఎదురుగా కూర్చున్న పేషెంట్, ఒక పెద్దమ్మ, "ఏమైంది మేడం, నీళ్లు తాగుతవా?" అని అడిగింది. నేను ఆమెను అడగాల్సిన మాట.

యాదగిరి కాక మా నాన్న తమ్ముడు. శంషాబాద్‌లో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్కటే గోడ. ఎయిర్‌పోర్ట్ క్యాబ్ నడిపేవాడు. ట్రిప్ కోసం పార్కింగ్‌లో వెయిట్ చేస్తూ, సీటులోనే పోయాడు.

నిన్న సాయంత్రం అంత్యక్రియలు కూడా అయిపోయాయి. ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

కాక కారు కొన్న కథ మా ఇంట్లో అందరికీ తెలుసు.

షోరూమ్‌లో సేల్స్‌మన్ స్టీరింగ్ వైపు డోర్ తీసి పట్టుకున్నాడు. కాక పోయి దర్జాగా వెనక సీటులో కూర్చున్నాడు. చిన్నమ్మను ముందు కూర్చోబెట్టి, ఆ సీటు మొత్తం వెనక్కి జరిపించాడు. తన మోకాళ్లకు జాగా ఉందా, ఏసీ గాలి వస్తుందా చూశాడు. సేల్స్‌మన్‌తోనే కారు నడిపించుకుని బుద్వేల్ దాకా పోయొచ్చాడు. స్టీరింగ్ ముట్టుకోనే లేదు.

నాన్న నవ్వితే, "నడిపెటోన్ని నేనే గదా అన్నా, నాకు ఎట్లున్నా నడుస్తది. ఎక్కెటోడు ఏడ కూసుంటడు?" అన్నాడు.

మూడేళ్ల కిందట నాకు సైకియాట్రీ పీజీ సీటు వచ్చే ర్యాంక్ వచ్చింది. "పిచ్చి డాక్టరా? కండ్ల డాక్టర్ అయితే ఏం పోయింది?" అని చుట్టాలందరూ ఒక రౌండ్ వేసుకున్నారు. ఆ గొడవ దాటాక అసలు పరేషానీ మొదలైంది. ఏ కాలేజీ?

ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్స్ వరుసగా పెట్టి లాక్ చేయాలి. ఒకసారి లాక్ చేస్తే అంతే, మూడేళ్లు అక్కడే. రెండు రోజులు టైముంది.

నేను పెద్ద తెలివిగలదాన్ని కదా, ఎక్సెల్ షీట్ చేశాను. బెడ్లు, హాస్టల్, డ్యూటీలు, సీనియర్ల రివ్యూలు. అన్నింట్లో ఫస్ట్ వచ్చింది ఇంటికి దగ్గర్లోని ఒక ప్రైవేట్ కాలేజీ. అద్దాల బిల్డింగ్, ఏసీ రూము.

కాక షీట్ మొత్తం చూసి ఒక్కటే అడిగాడు. "నువ్వు గాడ బెంచీ మీద కూసున్నవా?"

"లేదు కాకా, ఆన్‌లైన్‌లో చూసిన."

"ఆన్‌లైన్‌ల నేను గూడ అందంగనే ఉంట. పా, పోదాం."

ముందు ఆ అద్దాల బిల్డింగ్‌కు పోయాం. డాక్టర్‌ని అని చెప్పొద్దన్నాడు. తలనొప్పి అని తన పేరు మీదే సైకియాట్రీ ఓపీ చిట్టీ రాయించాడు, నేను తోడు వచ్చినదాన్ని. లోపల ఉన్న పీజీ కుర్రాడు ఒక పేషెంట్ గురించి డౌట్ వచ్చి సీనియర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎవరూ రాలేదు. పాపం ఏదో రాసి పంపేశాడు. కాకకు కూడా రెండు నిమిషాల్లో తలనొప్పి మాత్ర దొరికింది.

మర్నాడు అత్తాపూర్ దాటి సిటీలోకి, ఒక పాత సర్కారు దవాఖానకు. నా లిస్టులో అది చివరిది. ఫ్యాన్ల చప్పుడు, బెంచీల మీద ఒకరి మీద ఒకరు. రెండున్నర గంటలు కూర్చున్నాం. నాకు విసుగొచ్చి "పోదాం కాకా" అన్నాను కూడా.

లోపల ఒక పీజీ అమ్మాయి. కండ్లు లోపలికి పోయి ఉన్నాయి. కాక మళ్లీ తలనొప్పి అన్నాడు. ఆమె పెన్ను కింద పెట్టి, "నిద్ర పడుతుందా కాకా?" అంది.

కాక చేతిలోని చిట్టీ మడిచాడు. మళ్లీ విప్పాడు.

"రెండేండ్ల సంది పడతలేదమ్మా. పొలం అమ్మినప్పటి నుంచి. ఒక్కోపారి బండిని డివైడర్‌కు గుద్దేద్దామనిపిస్తది."

నేను పక్కనే ఉన్నాను. ఒక్క గోడ అవతల మనిషి. సైకియాట్రిస్ట్ అవుతానని ఇంట్లో కొట్లాడినదాన్ని. నాకు తెలియదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ అమ్మాయి తలుపు దగ్గరికి పోయి "సార్" అని పిలిచింది. పెద్ద డాక్టర్ తన పేషెంట్‌కు ఒక మాట చెప్పి, లేచి వచ్చాడు. స్టూల్ లాక్కుని కాక ముందు కూర్చున్నాడు. అరగంట.

బయటికొచ్చాక కాక చాయ్ తాగుతూ అన్నాడు. "నాకు చెప్పుకునే ఇరాదా లేకుండె బిడ్డా. ఆ పిల్ల అడిగింది, నోట్లకెల్లి వచ్చేసింది. పిలిస్తే పెద్దాయన గూడ లేసి వచ్చిండు సూడు. నువ్వు గిక్కడ నేర్చుకో."

ఆ సాయంత్రమే చివరిది మొదట పెట్టి లాక్ చేశాను.

కాక మందులు వాడాడు. ఓపీకి క్రమం తప్పకుండా వచ్చాడు. నిద్ర పట్టింది, నవ్వు వచ్చింది, చిన్నమ్మతో పాత కొట్లాటలన్నీ మళ్లీ వచ్చాయి. పార్కింగ్‌లోని ఇద్దరు డ్రైవర్లను తనే తీసుకొచ్చి మా ఓపీ బెంచీ మీద కూర్చోబెట్టాడు. "దాస్కునుడు ఎందుకు, నలుగురికి చెప్పు" అని నాతో అనేవాడు. అందుకే, చిన్నమ్మను కూడా అడిగి, ఇదంతా రాస్తున్నాను.

గుండె సంగతి మాత్రం మాకెవరికీ చెప్పలేదు. దానికే కోపంగా ఉంది కాకా, నీ మీద.

ఇప్పుడు నేను థర్డ్ ఇయర్. మా ఓపీకి కొత్త జూనియర్లు వచ్చారు. నిన్న మెసేజ్ చూసి నేను బయల్దేరుతుంటే, ఒకమ్మాయి భయంభయంగా తలుపు దగ్గర నిలబడి "అక్కా, ఒక్కసారి వస్తారా?" అంది. లోపల ఎవరో నాన్న, తోడుగా ఒక కూతురు.

ఏడుపు ఆపుకుని పోయాను కాకా. స్టూల్ లాక్కుని కూర్చున్నాను. నా బదులు ఇంకో సీనియర్ వచ్చాకే ఇంటికి బయల్దేరాను. అందుకే నీ దగ్గరికి రావడం కొంచెం లేటయింది.

నువ్వు ఏమీ అనుకోవని తెలుసు.

మనసు నిమ్మళంగా ఉండాలి కాకా నీకు, ఎక్కడున్నా. ఇన్నేండ్లు అందరినీ దింపినవు. ఈసారి వెనక సీట్ల కాళ్లు చాపుకొని కూసో.