గుమ్మానికి వేపమండలు

నైజాం రోజులు. మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. నాకప్పుడు పన్నెండేళ్లు. మిల్లులో పని ఇప్పిస్తానని ఒక ఆడమనిషి మా అక్కను కామారెడ్డిలో రైలెక్కించి, బొంబాయిలో వేశ్యల కొంపకు అమ్మేసింది. అక్క ఎలాగో పారిపోయి ఒళ్లంతా పుండ్లతో ఇల్లు చేరింది.

అక్క మంచంలో ఉండగానే ఆ మనిషి నాకోసం వచ్చింది, పటేలు మనుషులను వెంటేసుకుని. అవ్వ, అంటే మా అమ్మ, గబగబా గుమ్మానికి వేపమండలు కట్టి, నా ముఖానికి పసుపు పూసి పడుకోబెట్టింది. అమ్మవారు పోసిన ఇల్లనుకుని వాళ్లు గడప తొక్కలేదు. ఎదురింటి అరుగుమీద కూర్చున్నారు.

అప్పుడే, అక్క కోసం అవ్వ పిలిపించిన వైద్యుడు వచ్చాడు. మండలు చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

"అమ్మవారున్న ఇంట్ల మందు ఇయ్యద్దు. తల్లి సల్లగైనంక కబురు పెట్టు, వస్త."

అవ్వ నోరు తెరిచింది. ఎదురరుగు వైపు చూసింది. "గట్లనే అయ్యా" అంది.

లోపలి నుంచి అక్క అడిగింది: "వైద్యుడొచ్చిండా అవ్వా?"

"రాలే బిడ్డా."

ఆ ఆడమనిషి ఊరు విడిచేదాకా అవ్వ మండలు విప్పలేదు. విప్పేనాటికి అక్క లేదు.

అవ్వ బతికినన్నాళ్లూ మా ఇద్దరి మధ్య ఆ వైద్యుడి మాట రాలేదు.