అట్టల వెనుక ఆమె రాసినవి

తాండూరులో మా ఇంటి అల్మారాకు చెదలు పట్టాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన సినిమా డిస్కుల అట్టలను అంచుల నుంచి తినుకుంటూ వచ్చాయి. ఒక్కో అట్టనూ విప్పి, ముందూ వెనుకా కలిపి స్కాన్ చేసి, ఆ కాగితాలను పెరట్లో కాల్చేశాను. ఈ పని నాకు ఏ పంతులూ నేర్పలేదు. ఇంగ్లీషు అక్షరాలే సినిమా పోస్టర్ల మీద నేర్చుకున్నవాణ్ణి.

వికారాబాదులో ఉండే మా బిడ్డ, సినిమాల జాబితా రాసుకునే ప్రోగ్రాం ఒకటి నా కంప్యూటర్లో పెట్టిచ్చింది. దానికి నేను స్కాన్ చేసిన బొమ్మలు పెద్దవయ్యాయట! వెడల్పు మూడు వందల పిక్సెళ్లు దాటితే తీసుకోదట. అంత పెద్ద వెండితెర మీద చూసిన ముఖాలను అగ్గిపెట్టె మీది బొమ్మల్లా చేయమంటుంది. సరే, తగ్గించడం మొదలుపెట్టాను. ప్రతి బొమ్మకూ 'పాతది తీసేసి ఇది పెట్టాలా?' అని అడుగుతుంది. ఒకసారి చెబితే వినదా? ఒళ్లు మండి, 'మళ్లీ అడగవద్దు' అన్నచోట నొక్కాను.

ఆదివారం రైలుకు బిడ్డ వచ్చింది.

"నాయినా, అమ్మ రాసినయి జర చూపియ్యి."

నా భార్య పోయి రెండేళ్లు. ఆమె ఉన్నప్పుడు ఇరుగుపొరుగువాళ్లు మా డిస్కులు పట్టుకెళ్లేవారు. ఎదురింటామె గడపలోంచే, "భాబీ, రోనేకీ నక్కో, హస్నేకీ దేవ్" అనేది. ఏడిపించేది వద్దు, నవ్వించేది ఇవ్వమని. అందరికీ చెప్పీ చెప్పీ విసిగి, నా భార్య అట్ట వెనుక ఖాళీ జాగాలో నీలం పెన్నుతో రాసిపెట్టేది. ఎవరు చనిపోతారో, పిల్లలు ఎక్కడ జడుసుకుంటారో. కథ ముందే చెప్పేస్తే ఇక సినిమా ఎందుకని నేను పోట్లాడేవాణ్ణి. పంతం కొద్దీ ఒక్కటీ చదవలేదు.

బిడ్డ బొమ్మను పెద్దది చేసింది. అక్షరాల చోట నీలం గళ్లు. ఇంకా పెద్దది చేస్తే ఇంకా పెద్ద గళ్లు.

"అసలుయి ఏవి?"

"గా ప్రోగ్రామే మింగింది!"

"అది అడుగుతది నాయినా. నువ్వే సై అన్నవ్. కాపీ తీసిపెట్టుమంటే, నాకు ఎవలు చెప్పేదేంది అన్నవ్ గద." మెల్లగా, "పోనీ, ఏం రాసిందో చెప్పు. మల్ల టైపు చేద్దాం" అంది.

ఏ సినిమా ఏ హాల్లో ఎన్ని వారాలు ఆడిందో, ఏ ఆటకు కరెంటు పోయిందో చెప్పగలను. అదొక్కటే చెప్పలేకపోయాను.

బిడ్డను రైలెక్కించి వచ్చి, రెండు డిస్కులు పట్టుకుని ఎదురింటికి వెళ్లాను. వీటి అట్టల మీద ఏం రాసి ఉండేదో గుర్తుందా అని ఆమెను అడిగాను.

"నాకు తెలుగు చదువనీకి రాదు భాయిసాబ్. భాబీయే చదివి చెప్పేది," అంటూ ఆమె మొదటి డిస్కు మీది బొమ్మ చూసింది. "గిదా? ముసలామె చచ్చిపోతది, పండుగనాడు చూడొద్దు. గట్లనే రాసింది."

రెండోది చాలాసేపు పట్టుకుంది.

"యాద్ నై, గుర్తుకొస్తలేదు. భాబీ చదివింది, ఇద్దరం మస్తు నవ్వుకున్నం. గంతే."

ఇంటికొచ్చి జాబితాలో మొదటి సినిమా ఎదుట ముసలామె సంగతి టైపు చేశాను. రెండోదాని ఎదుట, ఇద్దరూ బాగా నవ్వుకున్నారని రాశాను.