చేతిలో మిగిలిన మూత

మూడేళ్ల కిందట విశాఖ నుంచి వేటకెళ్లినప్పుడు, పెద్ద అల కొట్టి మా అక్క మొగుడు పడవలోంచి సముద్రంలో పడిపోయాడు. ఖాళీ క్యాన్ మనిషిని తేలుస్తుందని మంచినీళ్ల క్యాన్ గబగబా ఒంపేసి ఆయన వైపు విసిరాను.

"గట్టిగా అట్టుకో బావా, తాడేత్తన్నాను!"

క్యాన్‌ని వాటేసుకుని తేలాడు. అంతలోనే అరిచాడు. "నీళ్లెక్కేత్తన్నాయిరా! మూతేదిరా?"

మూత నా చేతిలో ఉంది.

తాడు అందేలోపే క్యాన్ నిండిపోయింది. బావ మళ్లీ కనిపించలేదు.

ఇప్పుడు మా పడవలో ప్రతి క్యాన్‌కీ మూతను దారంతో కట్టేస్తాను. "మా తమ్ముడికెంత జాగర్తో సూడండి!" అంటుంది అక్క అందరితో.

అక్కకి చదువు రాదు. అందుకే ఇది రాయగలిగాను.