మిద్దె మీద హంస

నాకు మూఢనమ్మకాలు లేవని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నా భార్య మూడోసారి నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి మాత్రం పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి, గ్లాసుడు నీళ్లు తాగి, మళ్లీ బయలుదేరడం మొదలుపెట్టాను. అంతకుముందు రెండు కడుపులూ నిలవలేదు. ఒకటి నాలుగో నెలలో, ఇంకొకటి ఆరో నెలలో పోయాయి. రెండుసార్లూ ఆమె పుట్టింట్లోనే ఉంది కాబట్టి ఈసారి పంపేది లేదని మా అమ్మ తేల్చి చెప్పింది.

ధర్మవరంలో ఒక ఇరుకు సందులో మాదొక చిన్న మిద్దె. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో మేం ముగ్గురం. మార్చి దాటిందంటే పొద్దు గూకినా గోడకు వీపు ఆనించలేం. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె కళ్లు తిరిగి మగ్గం పక్కనే కూలబడింది. నీళ్లు చల్లితే లేచి కూర్చుంది. ఆమె తేరుకుంది గానీ నేను తేరుకోలేదు. డాక్టరమ్మ చల్లగా ఉంచమంది. చల్లగా ఉంచడానికి మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫ్యాను, అదీ వేడిగాలినే తిప్పేది.

మా పక్కింట్లో టైల్స్ పరిచే మేస్త్రీ ఉండేవాడు. వీధంతా ఆయన్ను భాయ్ అనే పిలిచేది. సంగతి విని ఆయనే మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, మిద్దె పైన తెల్ల టైల్సు తునకలు పరిచినావంటే ఎండ తిరిగి పైకే పోతాది. లోపల మనిషి బతకొచ్చు. చైనా మొజాయిక్ అంటారు. నేను చూపిస్తా, పరిచేది నువ్వే పరుచుకో. కోకలు నేసే చేతులకు ఇదేం కష్టం?"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ అందుకుంది. "ఒద్దప్పా. కడుపుతో ఉండేదాని మొగుడు ఇంటి పని పెట్టుకోగూడదు. టెంకాయ గూడా కొట్టగూడదు. అట్లాంటిది బండలు పగలగొడతాడా?"

"పగలగొట్టేది యాడో సైట్లోనమ్మా. పగిలినవే సంచుల్లో తెస్తా. మీ ఇంట్లో ఒక్క దెబ్బ గూడా పడదు."

అమ్మ ఆ సంచుల సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. చివరికి నేను సుత్తి ముట్టకూడదనే షరతు మీద ఒప్పుకుంది. "ఇంకా ఏ కాలంలో ఉండావమ్మా" అని నవ్వాను. ఆ నవ్వంతా మేకపోతు గాంభీర్యమే. అమ్మ అనకముందే ఆ మాట నేనూ అనుకున్నాను.

శుక్రవారం నమాజు చదివి వచ్చి భాయ్ నాకు మొదటి పాఠం చెప్పాడు. అరగంటలో పరవగలిగినంత మేరకే సిమెంటు పరవాలి. తునకకూ తునకకూ మధ్య అగ్గిపుల్ల సందు వదలాలి. మరునాడు ఆ సందుల్లో తెల్ల సిమెంటు రుద్ది, తడి స్పాంజితో తుడవాలి. నేను అన్నీ విని, ఒకటి మరిచాను. మొదటి వారం పరిచిన రెండు వరుసలూ వేలితో తాకితే ఊడొచ్చాయి.

"తునకల్ని నీళ్లల్లో నానబెట్టమంటి గదన్నా! ఎండినది సిమెంటులో తడంతా పీల్చేస్తాది" అని భాయ్ కసురుకున్నాడు. మా కొళాయిలో నీళ్లు వచ్చిన రోజు పండగ. బియ్యం కడిగిన నీళ్లు, స్నానం చేసిన నీళ్లు పట్టిపెట్టి తునకల్ని నానబెట్టాను, పరిచినదాన్ని తడిపాను.

మూడు వారాలకు సగం మిద్దె తెల్లబడింది. లోపల వేడి తగ్గిందని ఆమె అంటే నాకు చెప్పలేనంత సంతోషమేసింది. కానీ ఆమె అంతటితో వదల్లేదు.

"అంతా తెలుపేనా మామా? కోక నేసేటోనివి, ఒక బుటా అన్నా ల్యాకుంటే ఎట్ల?"

అట్లా హంస వచ్చింది. అంచులో నేసే హంస గీసిన గళ్ల కాగితం ముందు పెట్టుకుని, గడికి జానెడు చొప్పున మిద్దె నడుమ సుద్దముక్కతో గీశాను. రంగు తునకలు టైల్సు దుకాణాల వెనక కుప్పల్లో ఏరుకొచ్చాను. గీసినంత సులభంగా పని సాగలేదు. రెక్క వంపు తిరిగేచోట చేతికి వచ్చే తునక ఏదీ ఇమడదు. భాయ్ అయితే కట్టరుతో చిటికెలో కొరికి పెడతాడు. నేను కొరకకూడదు. అందుకని సంచి మొత్తం కుమ్మరించి, దేవుడు ముందే పగలగొట్టి ఉంచిన తునక కోసం వెతికేవాణ్ణి. గంట వెతికితే ఒకటి దొరికేది, ఒక్కోరోజు అదీ లేదు.

నా అవస్థ చూసి ఆమె మెట్ల కింద నీడలో చేటలు పెట్టుకుని రంగులు వేరుచేయడం మొదలుపెట్టింది. ఎర్రది, బొటనవేలంత, ఒక పక్క గుండ్రంగా కావాలని నేను రాత్రి అన్నం తింటూ అనేవాణ్ణి. నేను నూలుకో, సావుకారు దగ్గరికో పోయి వచ్చేసరికి అట్లాంటిదే చేటలో ఉండేది. "అన్నీ ఈ సంచిలోనే ఉండాయి, నీకే కండ్లు ల్యావు" అనేది. నేను మాత్రం అది శుభసూచకమనుకున్నాను. కోరిన తునక దొరికిందంటే బిడ్డ కూడా దక్కుతుందని నాకు నేనే లెక్క కట్టుకున్నాను. నమ్మకాలు లేనివాడి సంగతి ఇదీ!

ఏడో నెల వచ్చాక నా భయానికి పగ్గాల్లేకుండా పోయింది. పైన పనిచేస్తూ ఒక చెవి కిందే వేసి ఉంచేవాణ్ణి. కాసేపు ఆమె గొంతు వినబడకపోతే సిమెంటు చేతులతోనే దిగొచ్చేవాణ్ణి.

"కదులుతాండాదా?"

"ఇప్పుడే గదా అడిగితివి!"

"పది నిమిషాలైంది."

"నువ్విట్ల బెదరగొడితే లోపలుండేది గూడా బెదురుతాది. పో పైకి."

ఎనిమిదో నెల పెట్టింది. ఏడో నెలలో పుట్టిన పిల్ల బతుకుతుంది గానీ ఎనిమిదో నెలలో పుట్టింది బతకదని మావైపు ఒక మాట ఉంది. అమ్మ ఆ మాట పైకి అనలేదు. క్యాలెండరు ముందు నిలబడి రోజులు లెక్కపెట్టుకోవడం చూశాను. నేనూ ఎవరూ చూడనప్పుడు అదే పని చేసేవాణ్ణి.

అప్పటికి నా భార్య కాళ్లు వాచి మెట్ల దగ్గరికి రావడం మానేసింది. హంసకు మెడ దగ్గర ఒక్క తునక మిగిలింది. ఆకుపచ్చది, సన్నగా, కొంచెం వంగి ఉండాలి. మూడు రోజులు వెతికినా దొరకలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం కలిపిన సిమెంటు గట్టిపడిపోతోంది. నాకు కోపం వచ్చింది. సంచి మీదా, అమ్మ మాట మీదా, అన్నిటికంటే ఎక్కువగా నా పిరికితనం మీదా వచ్చింది. భాయ్ కట్టరు తెచ్చి, టైలును తువ్వాలులో చుట్టి నొక్కాను. చిన్న చప్పుడు. తునక నేననుకున్నట్టే వచ్చింది. దాన్ని అతికించి ఇంకా చెయ్యి తియ్యలేదు, కింద నుంచి అమ్మ కేక వేసింది.

ఉమ్మనీరు పోయింది. ఆటోలో ఆమె తల నా భుజం మీద ఉంది. దారి పొడుగునా నాకు వినబడింది ఆ టైలు చప్పుడొక్కటే. నా చేతులతో నేనే చేశాననుకున్నాను. దేవుళ్లందరికీ మొక్కాను. మొక్కుతూనే, ఇన్నాళ్లూ వెక్కిరించినవాడి మాట ఎవరు వింటారని భయపడ్డాను.

ఆపరేషన్ చెయ్యాలన్నారు. స్ట్రెచర్ పక్కన నడుస్తూ ఇక ఓర్చుకోలేక చెప్పేశాను. "నేను పగలగొట్టినానే. మెడకాడ తునక. ఈ పొద్దే. అందుకే ఇట్లయింది."

నొప్పికి పళ్లు బిగించిన మనిషి నావైపు తిరిగింది. "ఒగటేనా?"

నాకు అర్థం కాలేదు.

"రెక్కంతా యాడిదనుకున్నావు? నువ్వు బయటికి పోతానే గుడ్డలో సుట్టి గుండ్రాయితో కొట్టేదాన్ని. ఎన్ని కొట్టినానో నాకే తెల్దు."

"ఎందుకే?" అని మాత్రం అనగలిగాను. కోపం కాదు.

"ఆ రెండుసార్లు మనమేమీ పగలగొట్టల్యా గదా మామా. టెంకాయ గూడా కొట్టల్యా. నిలిచినాయా?"

ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. ఇన్ని నెలలుగా నేను నా భయాన్ని ఇంటిల్లిపాదికీ పంచిపెట్టాను. ఆమె తన భయాన్ని ఎవరికీ చెప్పకుండా మెట్ల కింద కూర్చుని మోసింది. బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుంటే నాకు మొదటిసారి బిడ్డ కంటే ఎక్కువగా ఆమె గురించి భయం వేసింది. అమ్మకు ఏమీ చెప్పలేదు.

ఎంతసేపైందో తెలియదు. లోపల ఒక ఏడుపు వినబడింది. సన్నగా ఉంది, ఆగిపోయింది, మళ్లీ వచ్చింది. నర్సు పాపను తెల్లగుడ్డలో చుట్టి తీసుకొచ్చింది. తల్లి బాగుందని, పాప బరువు తక్కువని, కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచాలని చెప్పింది. తీసుకుపోయేముందు ఒకసారి పట్టుకోమంది. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. గోళ్ల నిండా సిమెంటు ఉంది. అది ఒట్టి సాకు. పట్టుకుంటే ఏమవుతుందోనని భయపడ్డాను.

"నాయనవి నువ్వు బెదిరితే ఎట్లప్పా?" అంది నర్సు.

చేతులు కడుక్కు రమ్మంది. కడుక్కుని వచ్చి పట్టుకున్నాను.