నాన్న కారులో మోత

మా నాన్న చెవుల్ని బాయిలర్ షాపు తినేసింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఏళ్ల తరబడి రివిట్లు కొట్టిన మనిషి. చెవుడని ఎవరైనా అంటే మాత్రం ఇల్లు పీకి పందిరేసేవాడు. తన చెవులు భేషుగ్గా ఉన్నాయి, లోకమే గొణుగుతోందని ఆయన నమ్మకం. అమ్మ ఏదైనా చెప్పాలంటే ఆయన గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకునేది. పెదాలు చూసి అంతా తెలుసుకునేవాడు.

అలాంటి అమ్మకి గొంతులో గడ్డ లేచింది. మాట పోయి గుసగుస మిగిలింది. మేదినీపూర్ డాక్టరు దగ్గరికి వారం వారం వెళ్లాలి. స్టేషన్ వంతెన మెట్లు ఆమె ఎక్కలేదని, ఓ రిటైరైన ఆఫీసరు వదిలించుకున్న పాత కారుని నాన్న బాగుచేసి తెచ్చాడు. కదిలిందంటే అందులో మోగనిది హారన్ ఒక్కటే.

అమ్మ వెనక సీట్లో నా మీదికి ఒరిగి ఏదో అనేది. నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పలేడు. "ఏటన్నావే? ఈ డొక్కుదాని మోతలో ఏటీ ఇనబడదు" అని కారుని తిట్టేవాడు.

మోత తగ్గితే పెళ్లాం మాట వినబడుతుందని ఇక పని మొదలెట్టాడు. పూరీ గేట్ దగ్గరి బెంగాలీ మెకానిక్ దాదా అడుగున మందంగా తారు పూయమన్నాడు. "ఇంజను ముసల్ది, బరువెక్కితే లాగదు" అని నాన్న ఒప్పుకోలేదు. చీల్చిన సైకిల్ ట్యూబులు తలుపుల అంచులకి అతికించాడు. వదులైన చోటల్లా రబ్బరు ముక్కలు దూర్చాడు. కాళ్ల కింద గోనె సంచులు, వాటి మీద పాత పరుపులోంచి తీసిన కొబ్బరి పీచు. పైకప్పు రేకు మాత్రం డప్పులా మోగుతూనే ఉంది. దానికి పక్క క్వార్టర్ దీదీ ఉపాయం చెప్పింది. బెంగాలీ వాళ్లు పాత చీరలు పొరలుగా పేర్చి కాంథా కుడతారు కదా, అది లోపల అతికించమంది. అమ్మే కుట్టింది, తన చీరలతోనే. ఆమె కుడుతుంటే చూడలేక సూది లాక్కోబోయాను. కసిరింది.

దానితో కారు నిజంగానే సద్దుమణిగింది. నా గాజుల చప్పుడు నాకు వినబడింది. నాన్న మాత్రం, "ఇంకా మోతగానే ఉంది. ఎక్కడినుంచొస్తందో" అని తలుపులు తట్టి, నేల తట్టి వెతికాడు. ఆ మోత ఆయన తలలోదని అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. చెప్పడానికి నోరెలా వస్తుంది?

ఆ చలికాలం ఓ పొద్దున, నది వంతెన దాటుతుండగా, అమ్మ ముందుకి వంగి ఉన్న ఊపిరంతా పోగేసుకుని ఆయన చెవి దగ్గర ఒకే మాట అంది.

"సాలు."

మా ఇళ్లలో మాట మొదట్లో చ పలకదు. చాలు అంటే సాలు, చలి అంటే సలి. సూదులు చాలు, మందులు చాలు, నన్ను ఇంటికి తీసుకుపో అని ఆమె అడిగింది.

నాన్న మొహం వెలిగిపోయింది. "ఇనబడిందే! సలంట, సలి!" వంతెన దాటగానే కారు ఆపి, స్వెటర్ విప్పి ఆమెకి కప్పాడు. అద్దాలన్నీ ఎక్కించాడు. "సూసినావా, నీ కాంథాతో మోత సచ్చింది" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

నేను నోరు తెరిచాను. అమ్మ నా పెదాల మీద వేలు పెట్టింది. ఆయన అప్పుడు ఆమె వైపే తిరిగి ఉన్నాడు. పెదాలు కదిపితే తెలిసిపోయేది. ఆమె కదపలేదు. చలే అన్నట్టు తలూపింది. కారు మళ్లీ డాక్టరు దగ్గరికే పోయింది.

చలి పోకముందే అమ్మ పోయింది. మలంచా వీధుల్లో ఎవరు పలకరించినా నాన్నది ఒకటే మాట. "ఆఖర్న నాతో మాటాడినాది. సలన్నాది. నేనిన్నాను."

కారు మూలపడ్డాక కూడా చలి మొదలవగానే ఆయన వెళ్లి దాని అద్దాలన్నీ ఎక్కించేవాడు. వెనక సీటు మీద ఆ స్వెటర్ పరిచేవాడు. "సూడమ్మా, సలి దూరే సందేటైనా ఉందా?" అని నన్ను అడిగేవాడు.

నేను గడ్డం పట్టుకుని ఆయన మొహం నా వైపు తిప్పుకునేదాన్ని.

"లేదు నాన్నా. ఇంక సలెయ్యదు."